ఎర్ర మచ్చల సెల్లులు

నేను పనిచేసే మిర్చి కోల్డ్ స్టోరేజీ ఎనుమాముల మార్కెట్‌కు దగ్గరలోనే ఉంటుంది. పోయిన నెల ఒక మధ్యాహ్నం కంప్రెసర్ గదిలో రీడింగులు చూసుకుంటూ ఉండగా, కొత్తగా చేరిన జూనియర్ ఇంజనీరు ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని వచ్చి, మిర్చి ఘాటుకు రెండు మూడుసార్లు గట్టిగా తుమ్మి, తన ఫోను నా ముందు పెట్టాడు. అందులో ఒక సైకిల్ లైటు బొమ్మ ఉంది. "అన్నా, ఇది ఎట్లుంటది? మా దోస్తులతోని ఖమ్మం దాక రాత్రి రైడు పోతానం. నువ్వు ఒకప్పుడు గీ లైట్ల మీద పీహెచ్‌డీ చేసినవంటాండ్లు" అన్నాడు. ఎవరన్నారో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఏదైనా అడిగితే వరసపెట్టి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. డబ్బా మీద రాసిన లూమెన్ల అంకెను నమ్మవద్దని, ఆ వెలుగు ఎంతసేపు నిలబడుతుందో చూడమని, అది కూడా ఫుల్లు మీద కాదు, నువ్వు నిజంగా తొక్కే తక్కువ మోడ్ మీద ఎన్ని గంటలు వస్తుందో ఇంట్లో వెలిగించి పెట్టి చూసుకోమని చెప్పాను. వెలుగు రోడ్డు మీద పరచుకోవాలి గానీ చెట్ల మీద, ఎదురొచ్చే లారీ డ్రైవరు కళ్ళలో పడకూడదన్నాను. వెనక లైట్లు రెండు ఉండాలని, అందులో ఒకటి ఆరుతూ వెలుగుతూ కాక నిలకడగా వెలగాలని, ముందు లైటుకు తోడుగా ఇంకొకటి ఉండాలని, ఆ రెండో దాని కరెంటు మొదటి దాని కరెంటు మీద ఆధారపడకూడదని చెప్పాను. పవర్‌బ్యాంకు కొంటే లైటును వెలిగిస్తూనే ఛార్జి చేస్తుందో లేదో ముందే పరీక్షించుకోమన్నాను, ఎందుకంటే కొన్ని లైట్లు వైరు గుచ్చగానే ఆరిపోతాయి. అతను బుద్ధిగా అన్నీ ఫోనులో ఎక్కించుకుని, "ఇంకేమన్న ఉన్నదా అన్నా?" అన్నాడు. లేదన్నాను. అతను వెళ్ళిపోయాక నేను చూస్తున్న రీడింగు ఏదో మరిచిపోయి, మళ్ళీ మొదటి మీటరు దగ్గర నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

నాకింకా నలభై రాలేదు. పాతరోజులు అని మొదలుపెడితే ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. కానీ నా ఈడువాళ్ళకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. సైకిలు టైరుకు ఆనించిన డైనమో గిర్రుమంటుంటే ఆ చప్పుడు వింటూ చీకట్లో ప్రయాణం చేసిన చివరి పిల్లలం మనమే. మన వెనక వచ్చిన వాళ్ళకు అది తెలియదు. తొక్కుతున్నంతసేపే వెలుగు, ఆగితే చీకటి, ఎత్తు ఎక్కేటప్పుడు దీపం ఎర్రబడి కుంచించుకుపోవడం, దిగుడు వచ్చినప్పుడు ఒక్కసారి తెల్లగా విప్పారడం. ఎండాకాలం సెలవులకు నేను వర్ధన్నపేటలో మా మేనమామ ఇంటికి పోయేవాణ్ణి. మామ పెద్దకొడుకు, అంటే మా బావ, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పొద్దుగూకిన తర్వాత పొలం దగ్గర మోటరు బందుచేసి వచ్చేటప్పుడు నన్ను ముందు కడ్డీ మీద టవలు మడిచి వేసి కూర్చోబెట్టుకునేవాడు. చెరువుకట్ట ఎక్కేచోట దీపం చిన్నదయ్యేది. నేను భయపడి "బావా, ఆరిపోతాంది" అని అరిస్తే, అతను సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కుతూ, "నేనున్న కదరా బామ్మర్దీ, ఎట్లారుతది" అనేవాడు. అతని ఊపిరి నా నెత్తి మీద వేడిగా తగిలేది. ఆ వయసులో నాకు ధైర్యం అంటే ఆ ఊపిరే.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి నేను మొదటి ఉద్యోగంలో చేరేనాటికి బావ హన్మకొండ చౌరస్తా దగ్గర బట్టల దుకాణం పెట్టి బాగా నిలదొక్కుకున్నాడు. పొద్దంతా గల్లా దగ్గర కూర్చుని కూర్చుని షుగరు అంచుకు వచ్చింది. డాక్టరు నడవమంటే, నడక ముసలివాళ్ళ పని అని సైకిలు కొన్నాడు. నేను సెకండ్‌హ్యాండులో ఒకటి చూసుకున్నాను. మొదట వడ్డేపల్లి చెరువు చుట్టూ, తర్వాత జనగామ దాకా, ఆ తర్వాత కాజీపేటలో ఉండే ఒక రిటైర్డు రైలు డ్రైవరు నడిపించే బృందంలో చేరాం. ఆయనను అందరూ పెద్దాయన అనేవారు. పందెం కాదు, ఎవరు ముందు వచ్చారన్న లెక్క లేదు. ఒక దూరాన్ని ఒక గడువులో పూర్తి చెయ్యాలి, మధ్యలో చెప్పిన చోటల్లా వేళకు కార్డు మీద ముద్ర వేయించుకోవాలి, అంతే. రెండు వందలు, మూడు వందలు, నాలుగు వందలు, ఆరు వందల కిలోమీటర్లు. నాలుగూ ఒకే ఏడాదిలో పూర్తిచేసిన వాళ్ళకు ఒక పతకం. దాని విలువ తెలియని వాళ్ళకు అది తాళంచెవులు తగిలించుకునే బిళ్ళలా కనిపిస్తుంది. నాకు మాత్రం అంతకు మించిన కోరిక ఆ రోజుల్లో ఇంకొకటి లేదు.

చీకటి పడ్డాక తొక్కాలంటే ప్రతివాడికీ ముందూ వెనకా తన సొంత లైట్లు వెలుగుతూ ఉండాలన్నది అక్కడి గట్టి నియమం. బయలుదేరే ముందు పెద్దాయన ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి బటన్ నొక్కి చూసేవాడు. "రైలుకు లైటు పోతే సిగ్నల్ కాడ ఆపెటోడు ఉంటడు. మీకెవ్వడుంటడు? గుంతనే ఆపుతది" అనేవాడు. ఆ మాటకు అందరూ నవ్వేవారు. నేను నవ్వలేదు. లైట్ల పని నెత్తిన వేసుకున్నాను.

అప్పట్లో మంచి లైట్లు వరంగల్‌లో దొరికేవి కావు. చక్రం ఇరుసులోనే డైనమో ఉండే రకం గురించి చదివాను గానీ అది మా అందుబాటులో ఉండేది కాదు. తెప్పించినవాటిని ఇంటి డాబా మీద వరుసగా వెలిగించి పెట్టి, ఏది ఎప్పుడు ఆరుతుందో రాత్రంతా మధ్యమధ్య లేచి చూసేవాణ్ణి. మా ఎదురింటి పెద్దమ్మ మా అమ్మను పట్టుకుని, "నీ కొడుకు దాబా మీద ఏం పూజలు చేస్తాండే? మా పిల్లలు జడుసుకుంటాండ్లు" అని అడిగింది. బకెట్‌లో ముంచి, ఫ్రిజ్‌లో పెట్టి, గతుకులకు ఊగిపోతుందేమో అని మిక్సీకి కట్టి తిప్పి, చివరికి ఒక రకం తేల్చాను. దాని మూత తిప్పి తీస్తే లోపల రెండు సెల్లులు ఉంటాయి, చేతివేలంత లావు, ఛార్జి చేసుకుని మళ్ళీ వాడుకునేవి. దానికి తోడుగా అదే సెల్లు ఒకటి మాత్రమే పట్టే చిన్న లైటు. ఇద్దరమూ ఒకే రకం కొనుక్కుంటే ఒకరిది చెడిపోయినా ఇంకొకరి సామాను పనికివస్తుందని బావకు చెప్పింది నేనే. అతను మారుమాట లేకుండా తనకూ అవే తెప్పించుకున్నాడు.

ఈ సెల్లుల గుణం ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. పాత టార్చిలైటులో లాగా వెలుగు మెల్లమెల్లగా తగ్గుతూ మనకు ముందే చెప్పదు. చివరిదాకా నిండుగా వెలిగి ఒక్కసారిగా ఆరిపోతుంది. రెండింటిలో ఏ ఒక్కటి నీరసంగా ఉన్నా చాలు, మంచిది కూడా దానితోపాటే ఆగిపోతుంది. అందుకని నేను కొన్నవాటిని ఒక్కొక్కటిగా పరీక్షించి, సమానంగా నిలిచేవాటిని జత కట్టి, మా చెల్లె గోరురంగు తీసుకుని వాటి నెత్తిన ఎర్ర మచ్చ పెట్టుకునేవాణ్ణి. మచ్చ ఉందంటే పరీక్షలో నెగ్గిందని, రాత్రంతా నమ్మవచ్చని అర్థం. బావకు ఈ సంగతి అంతా విడమరిచి చెప్పాను. అతనికి ఓపిక ఉండేది కాదు. కరెంటు పోతే దుకాణంలో అదే లైటు వెలిగించేవాడు, సెల్లులను రోజుల తరబడి ఛార్జరుకే వదిలేసేవాడు, ఒకసారి మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మరిచిపోయాడు. ఫలితం నాలుగు వందల కిలోమీటర్ల రైడులో కనిపించింది. తొర్రూరు దాటాక అతని పెద్ద లైటు ఆరిపోయింది, చిన్నది మిణుకుమిణుకుమంటోంది. నేను అతని భుజానికి కొంచెం వెనకగా, పక్కగా తొక్కుతూ నా వెలుగు ఇద్దరి ముందూ పడేటట్టు తెల్లవారే దాకా నడిపించాను. ఒక గతుకు వస్తే నేనే ముందు చెప్పేవాణ్ణి. ఆ రాత్రి నాకు కష్టంగా తోచలేదు. చెరువుకట్ట ఎక్కించిన మనిషికి ఇన్నేళ్ళకు నేను దారి చూపిస్తున్నానని లోపల్లోపల ఒక గర్వం కూడా ఉండేది.

కొత్త సెల్లులు కొనుక్కో బావా అని ఆ తర్వాత చాలాసార్లు చెప్పాను. "కొంటరా, తమ్ముని పెండ్లి కానియ్యి" అనేవాడు. ఆ తమ్ముడి పెళ్ళి సరిగ్గా ఆరు వందల రైడుకు ముందు వచ్చింది. పెళ్ళి గురువారం, రైడు శనివారం తెల్లవారుజామున. అప్పటికి నాకు కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం ఖాయమైంది. వారం వారం మారే షిఫ్టులు, సీజనులో ఆదివారం కూడా సెలవు దొరకదని ముందే చెప్పారు. వచ్చే నెల చేరాలి. కాబట్టి నాలుగోది ఇప్పుడు పూర్తి చెయ్యకపోతే ఇక చెయ్యలేనని నాకు తెలుసు, బావకూ తెలుసు.

పెళ్ళి నుంచి రాత్రికి ఇంటికి సైకిల్ మీదే తిరిగి వస్తే చివరి పరీక్ష కూడా అయిపోతుందని నేను లైట్లన్నీ బిగించుకుని వర్ధన్నపేట పోయాను. భోజనాలయ్యాక బరాత్ మొదలైంది. పూల కారులో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, ముందు డీజే బండి, దాని చుట్టూ దుమ్ము లేచేటట్టు ఎగిరే చుట్టాలు. ఇల్లు ఇంకా చాలా దూరం ఉందనగా డీజే బండి జనరేటరు పొగలు కక్కి ఆగిపోయింది. పాటతోపాటు లైట్లు పోయాయి. సరిగ్గా అప్పుడే వీధిలో కరెంటు కూడా పోయింది. డప్పులవాళ్ళు ఆపలేదు గానీ ఎగిరేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మా అత్తయ్య చీకట్లోనే గొంతెత్తింది: "కొత్తకోడలు చీకట్ల ఇంట్లకొస్తదా? రేపు ఏదన్నయితే నన్నే అంటరు. ఎవలన్న ఏదన్న చెయ్యున్రి!" బావ జనంలో నుంచి తోసుకుంటూ నా దగ్గరికి వచ్చి భుజం పట్టుకున్నాడు. "బామ్మర్దీ, మన ఇజ్జత్ నీ సైకిల్ మీదున్నది" అన్నాడు.

నేను ఇవ్వనని ఎట్లా అంటాను? నా లైట్లు విప్పి ఇచ్చాను, అతను ఇంట్లో నుంచి తనవి తెప్పించాడు. రెండు కారు ముందు కట్టారు, మిగిలినవి పిల్లలు చేతుల్లో పట్టుకుని ఊపుకుంటూ నడిచారు. నేను తక్కువ మోడ్ మీద పెడితే వాళ్ళు ఫుల్లు మీద పెట్టేవారు. డప్పు దరువు కొత్తగా అందుకుంది, మా మామ అంతటివాడు కూడా తువ్వాలు తలకు చుట్టి ఎగిరాడు. పెళ్ళికూతురు పూల సందుల్లో నుంచి ఆ తెల్లటి వెలుగులను చూసి నవ్వడం నాకు కనిపించింది. నిజం చెప్పాలంటే ఆ పూట నాకూ సంతోషంగానే ఉండింది. నా వస్తువులు ఒక శుభకార్యానికి పనికివచ్చాయని మా అమ్మ నలుగురిలో చెప్పుకుంది.

అంతా అయ్యాక లైట్లన్నీ ఒక పూలగంపలో పడ్డాయి, బంతిరేకులూ అక్షింతలూ అంటుకుని. నేను కూర్చుని ఏరబోతుంటే బావ గంప లాక్కున్నాడు. "నీ కండ్లు ఎర్రగైనయి, పోయి పండుకో. నేను ఏరి, ఛార్జి పెట్టి, రేపు తెచ్చిస్త" అన్నాడు. "మచ్చలున్నయి నావి బావా" అన్నాను. "ఎరుకరా నాకు" అన్నాడు.

మర్నాడు పొద్దుగూకే వేళకు అన్నమాట ప్రకారం హన్మకొండ తిరిగివస్తూ మా ఇంటికి వచ్చాడు. లైట్లు తుడిచి, మూతలు బిగించి, కొత్త బట్టల సంచిలో పెట్టి తెచ్చాడు. అమ్మ చాయ్ ఇచ్చింది. నేను ఒక్కొక్కటీ నొక్కి చూశాను, నిండుగా వెలిగాయి. ఇక మూత తిప్పి లోపల చూడాలి. మూత మీద చెయ్యి వేశాను కూడా. అతను కప్పు పట్టుకుని నన్నే చూస్తున్నాడు. "ఏందిరా, నా మీదనే అనుమానమా?" అని నవ్వాడు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. తన అన్న కొడుకు, పెళ్ళి అలసట తీరకముందే మోసుకొచ్చి ఇచ్చిన వస్తువును అతని ఎదుటే విప్పి చూడడం మా ఇళ్ళలో చిన్న సంగతి కాదు. తులం బంగారం తూచి తీసుకున్నా తప్పు పట్టరు గానీ, మేనబావ ఇచ్చినదాన్ని తెరిచి చూస్తే పదేళ్ళు చెప్పుకుంటారు. చెయ్యి తీసేశాను. అతను వెళ్ళాక చూడవచ్చు కదా అంటారేమో. అతను రాత్రి భోజనం కూడా మా ఇంట్లోనే చేసి, అక్కడే పడుకుని, తెల్లవారుజామున నాతోపాటే బయలుదేరాడు.

హన్మకొండ నుంచి ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా రాజమండ్రి గోదావరి దాకా పోయి అదే దారిన తిరిగి రావాలి. పగలంతా బాగా నడిచింది. చీకటి పడ్డాక లైట్లు వేసుకున్నాం, గోదావరి వంతెన దగ్గర కార్డుకు ముద్ర వేయించుకుని, ఇడ్లీ తిని తిరుగు ప్రయాణం పట్టాం. బావ ముందు ఇద్దరితో కలిసి తొక్కుతున్నాడు, నేను కొంచెం వెనక. కొయ్యలగూడెం దాటాక దారి పక్క పొగాకు ఆరబెట్టే బేరన్లు అయిపోయి పామాయిల్ తోటలు మొదలైన చోట నా పెద్ద లైటు ఆరిపోయింది. తగ్గలేదు, మిణుకుమనలేదు. ఉన్నది ఉన్నట్టుగా పోయింది. చిన్నది వేశాను. అది ఒక ఊరు దాటేంతసేపు వెలిగి అదీ పోయింది. నా దగ్గర పవర్‌బ్యాంకు ఉంది గానీ ఆ లైట్లకు వైరుతో ఛార్జి పెట్టుకునే దారి లేదు. ఫోను టార్చి వెలిగించి రుమాలుతో హ్యాండిలుకు కట్టాను. దాని వెలుగు ముందు టైరు దాటి పోలేదు. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా కళ్ళు బైర్లు కమ్మి, అది పోయాక రోడ్డు ఎక్కడుందో తెలియక కాలు కింద పెట్టి నిలబడేవాణ్ణి.

బావకు ఫోను చేశాను. వెనక్కి తిరిగి వచ్చాడు, కాదనను. అతని లైటు దూరం నుంచే తెల్లగా, బలంగా, తోటల మొదళ్ళ దాకా పరచుకుంటూ వచ్చి నా ముఖం మీద ఆగింది. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని, నాలుగు వందల రైడులో చేసినట్టు పక్కపక్కనే పోదాం బావా, నీ వెలుగు ఇద్దరికీ సరిపోతుంది అన్నాను. అతను గడియారం చూసుకున్నాడు. "ఎవని లైటు వానికే ఉండాలె, రూలు నాకంటె నీకే ఎక్కువ ఎరుక. ఇద్దరం కలిసి పోతే ఇద్దరిదీ పోతది. నువ్వు పెట్రోల్ బంక్ కాడ కూసో, తెల్లారినంక రా. జల్ది తొక్కితే అందుతవు" అన్నాడు. సైకిలు తిప్పాడు. ఆ వెలుగు నా మీద నుంచి జారి రోడ్డు మీద పడి, మలుపు తిరిగి, పామాయిల్ చెట్ల వెనక కాసేపు కదిలి, లేకుండా పోయింది.

నేను తెల్లవారాక తొక్కిన తొక్కు జీవితంలో ఎప్పుడూ తొక్కలేదు. సత్తుపల్లి చేరేసరికి గడువు దాటి అరగంట కూడా కాలేదు. కానీ అక్కడ ముద్ర వేసే కుర్చీ, గొడుగు తీసేశారు. టీకొట్టు ఆయన, "గిప్పుడే పోయిండ్లు సారు" అన్నాడు. బస్సు డ్రైవరును బతిమాలి సైకిలును పైకెక్కించుకుని మధ్యాహ్నానికి వరంగల్ వచ్చాను. ఇంటికి పోకుండా స్నానం కూడా చెయ్యకుండా, బావ వస్తాడు కదా, ఎదురుపోవాలి కదా అని హన్మకొండలో రైడు ముగిసే చోటికి పోయి కూర్చున్నాను. అప్పటికీ నాకు అతని మీద ఏమీ లేదు. అతను చెప్పింది నియమమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను.

పొద్దుగూకిన తర్వాత బావ వచ్చాడు, లైటు వేసుకుని. దుకాణం మనుషులు దండలు పట్టుకుని మీద పడ్డారు. పెద్దాయన చేతులు పట్టుకుని ఊపాడు. ఎవరో అతని సైకిలు నా చేతికిచ్చారు. ఒక రాత్రంతా, ఇంకో సాయంత్రం వెలిగి కూడా ఆ లైటు నిండుగానే ఉంది. బావ దగ్గర ఉన్న సెల్లులు అంతసేపు నిలిచేవి కావని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆర్పి, వేడిగా ఉన్న మూత తిప్పాను. రెండు ఎర్ర మచ్చలు. చిన్న లైటు కూడా విప్పాను. అందులోనూ మచ్చ.

మూతలు మళ్ళీ బిగించి సైకిలును గోడకు ఆనించాను. దండల మధ్య నుంచి అతను నన్ను చూసి చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను.

మామ ఇంట్లో పెళ్ళి తర్వాతి దావతు రోజు అందరి ముందూ అడిగాను. మెల్లగానే అడిగాను. అతను బుకాయించి ఉంటే నేను నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను. చీకట్లో కలిసిపోయాయని, చూసుకోలేదని ఒక్క మాట అంటే చాలు. అతను అబద్ధం చెప్పలేదు. "మచ్చలున్నయే మంచివని నువ్వే చెప్తివి కదరా" అన్నాడు, తప్పు నాదే అన్నంత తేలికగా. "ఇంట్ల వస్తువులకు నీది నాది అని ఉంటదా? నువ్వు చిన్నోనివి, మళ్ళా ఎన్నన్న తొక్కుతవు. నాకు ఈ ఏడు దాటితే మోకాళ్ళు ఆగుతయా?" అన్నాడు. మామ అన్నం కలుపుతూ, "రెండు సెల్లులకా ఈ పంచాయితీ?" అన్నాడు. ఇంటికి వచ్చాక అమ్మ, "నా పుట్టింట్ల నా ఇజ్జత్ తీసినవు. గీ సాకుతోని నా అన్న కొడుకుతోని మాట బందువెడ్తవా?" అని కళ్ళు తుడుచుకుంది. నాకు కావలసింది సెల్లులు కాదని ఎవరికీ చెప్పలేకపోయాను. అడగవలసిందని చెప్పాలనుకున్నాను. ఆ శుక్రవారం సాయంత్రం చాయ్ తాగుతూ, బామ్మర్దీ, నాకు ఇదే చివరి ఏడు, నీ మంచి సెల్లులు ఇవ్వు అని ఒక్క మాట అడిగి ఉంటే, చీకట్లో ఎక్కడ ఆగిపోతానో తెలిసి కూడా ఇచ్చేవాణ్ణి. అతనికీ అది తెలుసు. తెలిసే అడగలేదు, అడిగితే ఆ పతకం నేను ఇచ్చినట్టవుతుంది.

ఆ పై నెల కోల్డ్ స్టోరేజీలో చేరాను. సైకిలు కొన్నాళ్ళు డాబా మెట్ల కింద ఉండి, తుప్పు పట్టి, పాత ఇనుము బండికి పోయింది. బావ పతకాన్ని అద్దంలో కట్టించి దుకాణంలో గల్లా వెనక గోడకు పెట్టుకున్నాడు. మోకాళ్ళు ఆగకపోవడం మాట అటుంచి, తర్వాతి ఏడు మళ్ళీ తొక్కాడు. ఫంక్షన్లలో కలుస్తుంటాం. "తిన్నవా బామ్మర్దీ" అంటాడు, తిన్న బావా అంటాను. బయటివాళ్ళు చూస్తే ఏమీ జరగలేదనే అనుకుంటారు. ఇంట్లోవాళ్ళకు నిజంగానే ఏమీ జరగలేదు.

మా జూనియర్ ఇంజనీరు ఆ లైటు కొని మొన్న తెచ్చి చూపించాడు. బాగుంది. సెల్లులు లోపలే సీలు చేసి ఉన్నాయి, ఛార్జి ఎంత మిగిలిందో అంకెల్లో చూపిస్తోంది. "దీనికి మూతనే లేదన్నా, పాడైతే ఎట్ల?" అని అతను దిగులుపడ్డాడు. మూత లేకపోవడమే మంచిదన్నాను. అతనికి అర్థం కాలేదు.

ఆ వారంలోనే మా అమ్మ పుట్టింటి వైపు ఇంకో పెళ్ళి. వర్ధన్నపేటలోనే, అదే వీధిలో బరాత్. ఇప్పటి డీజే బండ్లు ఇల్లంత ఎత్తు ఉంటాయి. అయినా ఒకచోట జనరేటరు ఆగింది, అంతా చీకటైంది. నాకు తెలియకుండానే నేను కూర్చున్న అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాను. ఎవరో పిలుస్తారని, ఎవరో భుజం పట్టుకుంటారని అనుకున్నానో ఏమో. ఎవరూ ఎవరినీ పిలవలేదు. కళ్ళు మూసి తెరిచేలోపు వీధి పొడవునా అందరి చేతుల్లో ఫోన్లు వెలిగాయి. ఎవరిది వారే వెలిగించుకున్నారు, ఎవరిది వారే పైకెత్తి పట్టుకున్నారు, ఎగరడం కూడా ఆగలేదు. వీధికి అవతలి పక్క జనంలో బావ ఉన్నాడు, జుట్టు నెరిసింది, ఒక చేత్తో ఫోను ఎత్తిపట్టుకుని ఇంకో చేత్తో మోకాలు పట్టుకుని. అతని వెలుగు నా మీద పడింది. నేనూ జేబులో నుంచి ఫోను తీసి వెలిగించి పైకెత్తాను. చాలాసేపు అట్లాగే నిలబడ్డాను, చెయ్యి నొప్పి పెట్టేదాకా. లైటు ఉందా అని నన్ను ఎవరూ అడగలేదు.